పిలిస్తే పలికే పిట్ట

ముదిగుబ్బ బస్టాండులో నిలబడి 'వలస' అన్న మాట అనండి చాలు. బెంగళూరు బస్సు ఎన్నింటికో, కేరళకు పోవాలంటే ఎక్కడ రైలు మారాలో ఎవరైనా చెబుతారు. వాన మొహం చాటేసిన ఏడు ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను అరుగు మీద వదిలి బయల్దేరడం ఈ మండలానికి కొత్త కాదు. పాత అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 552 మిల్లీమీటర్లు. అదీ సక్రమంగా పడితే! అందుకే ఇక్కడ వలస అంటే పోవడమే. వచ్చేదెవరు? ఈ ఎర్రమట్టిలో ఏముందని వస్తారు?

కానీ వచ్చేవాళ్లున్నారు. ఒక్కొక్కరి బరువు వంద గ్రాములకు అటూఇటూ. పిడికిట్లో పట్టేంత మనిషి... కాదు, పిట్ట. రాత్రిపూట ప్రయాణం చేసి, ఎవరికీ కనబడకుండా గడ్డిలో దిగిపోతుంది. తెల్లారగట్ల ఒక చిన్న కేక వేస్తే తప్ప వచ్చిన సంగతే తెలీదు.

దాని పేరు పూరేడు.

ఆరుద్రలో ఒకటి... స్వాతిలో ఒకటి

పూరేడు అంటే ఒకటే పిట్ట అనుకుంటాం గానీ, మన మెట్ట చేలల్లోకి వచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది వానను నమ్ముకున్నది. ఇంగ్లిషులో దీన్ని 'రెయిన్ క్వెయిల్' అంటారు. మగదానికి రొమ్ము మీద నల్లటి మచ్చ ఉంటుంది. ఇది దేశాలు దాటి వచ్చేది కాదు. ఈ నేల మీదే, వాన ఎక్కడ పడితే అక్కడికి పోతుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో నాలుగు పదున్లు పడి బీళ్లలో పచ్చిక లేచిందంటే చాలు, 'విట్-విట్... విట్-విట్' అని రెండేసి ముక్కలుగా కేక మొదలవుతుంది. గుడ్లు పెట్టేదీ ఆ వానాకాలంలోనే. గూడు అంటే పెద్ద ఏర్పాటేమీ లేదు. గడ్డి దుబ్బు కింద నేల మీద చిన్న గుంట, నాలుగు గడ్డిపరకలు. అంతే.

రెండోది అసలైన దూరప్రయాణికురాలు. మధ్య ఆసియా మైదానాల వైపు నుంచి, హిమాలయాల అవతలి నుంచి చలికి తట్టుకోలేక బయల్దేరి మన దేశానికి వస్తుంది. స్వాతి, విశాఖ కార్తెలొచ్చి, సెనక్కాయ పీకేసిన చేలు ఖాళీ అయ్యేవేళకు ఇక్కడ వాలుతుంది. రాలిన గింజలు, గడ్డి విత్తనాలు, చెదలు, చిన్న పురుగులు తిని చలికాలం గడిపి, ఎండలు ముదరకముందే తిరుగు ప్రయాణం కడుతుంది. దీని పిలుపు మూడు ముక్కలుగా ఉంటుంది. కాకపోతే ఇక్కడున్నన్నాళ్లూ ఎక్కువగా మౌనమే. వెళ్లే రోజులు దగ్గరపడినప్పుడు గొంతు విప్పుతుంది.

ఈ రాకపోకలు మనవాళ్లకు నిన్నామొన్నా తెలిసినవి కావు. పూరేడుకు సంస్కృతంలో 'వర్తిక' అని పేరు. తోడేలు నోట చిక్కిన వర్తికను అశ్వినీ దేవతలు విడిపించారని ఋగ్వేదంలో ఉంది. తిరగడమనే అర్థమున్న 'వృత్' ధాతువు నుంచి ఆ మాట పుట్టిందని, వర్తిక అంటే 'తిరిగి వచ్చేది' అని మాక్స్ ముల్లర్ వ్యాఖ్యానించాడు. గ్రీకులు ఇదే పిట్టను 'ఓర్తిక్స్' అన్నారు. రెండు మాటలకూ మూలం ఒకటే. అంటే గ్రీకు, సంస్కృతం ఇంకా విడిపోకముందే ఈ చిన్న పిట్టను మనుషులు గమనించి పేరు పెట్టుకున్నారన్నమాట!

ఉరులు, ఓ పిలుపు

మా నాయన వాళ్లది ముదిగుబ్బ మండలంలో ఓ చిన్న పల్లె. ఏటా దసరా సెలవులకు నన్ను అక్కడ దించి వెళ్లేవాళ్లు. తొంభైల చివరి సంగతి ఇది. మా చిన్నాయన సేద్యగాడు. వేట ఆయన వృత్తి కాదు. ఆరెకరాల సెనక్కాయ చేను, రెండెద్దులు, అప్పులు... అదీ ఆయన ఆస్తి. కానీ పిట్టల్ని పట్టడంలో మాత్రం ఆ చుట్టుపక్కల నాలుగూళ్లలో ఆయనకు పేరుండేది.

సరంజామా ఏమంత లేదు. కదిరికి పోయినప్పుడు జట్కాబండి వాళ్లను అడిగి తెచ్చుకున్న గుర్రపు తోక వెంట్రుకలు. వాటిని పేని చేసిన ఉరులు. ఒక పొడుగాటి తాడుకు జానెడు దూరంలో ఒక్కొక్కటి కట్టి, గట్టు వెంబడి గడ్డిలో పరిచేవాడు. ఇంకా చీకటిగానే ఉండేది. మంచుకు తడిసిన గడ్డి నా మోకాళ్లను తాకేది. ఆయన ఓ కంప చెట్టు చాటున గొంతుకూర్చుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నోటి మీద వేలు పెట్టి చూపేవాడు. తర్వాత నాలుక అంగిలికి ఆనించి మెల్లగా... 'విట్-విట్'.

ఆగేవాడు. మళ్లీ 'విట్-విట్'.

కాసేపటికి దూరంగా చేలో నుంచి జవాబు. అది మగపిట్ట. తన జాగాలోకి ఇంకో మగపిట్ట వచ్చిందని దాని కోపం. ఒక్కో కేకకూ దగ్గరవుతుంది. ఎగరదు, గడ్డిలోంచి పరుగెత్తి వస్తుంది. గట్టు దాటబోయి మెడ ఉరిలో పెడుతుంది.

"తిండికి ఆశపడి చిక్కే పిట్ట గాదు పాపా ఇది. పౌరుషానికి చిక్కుతాది. పిలిస్తే పలక్కుండా ఉండలేదు. అదే దానికి చేటు" అనేవాడు చిన్నాయన.

కొందరు ఈ పిలుపు కోసం ఏకంగా పిట్టనే పెంచుతారు. దాన్ని 'దీమపు పిట్ట' అంటారు. బుట్టలో పెట్టి చేలో ఉంచితే అదే కూస్తుంది. అడవి పిట్టలు దాని చుట్టూ చేరతాయి. ఇదీ చాలా పాత విద్యే. జాతక కథల్లో ఒక వేటగాడు పూరేడులాగా కూసి, అన్నీ ఒకచోట చేరగానే వల విసురుతాడు. పిట్టలన్నీ ఒక్కమాట మీద వలతో సహా ఎగిరిపోయి ముళ్లపొద మీద వాలి తప్పించుకుంటాయి. కొన్నాళ్లకు 'నా తల తొక్కావు' అంటే 'నువ్వు తొక్కావు' అని వాటిలో వాటికే తగవు వస్తుంది. ఎవరూ రెక్క కదపరు. ఆ రోజు వేటగాడి బుట్ట నిండుతుంది. ఐకమత్యం గురించి చెప్పడానికి ఈ కథ చెబుతారు. నాకు మాత్రం అందులో మా చిన్నాయన కనిపిస్తాడు... నోటితో పిట్టలా కూయగలిగిన మనిషి!

ఒక పొద్దుకు మూడో నాలుగో దొరికేవి. ఒక్కోసారి ఒక్కటీ దొరికేది కాదు. ఆడపిట్ట పడితే ఉరి సడలించి వదిలేసేవాడు. ఇంటికి తెస్తే మా జేజి ధనియాలు, ఎండుమిరపకాయలు, ఎండుకొబ్బరి నూరి పులుసు చేసేది. నాలుగు పిట్టలకు తొమ్మిది మంది. ఒక్కొక్కరికి దక్కేది ముక్క కాదు, దాదాపు వాసనే. ఆ పులుసులో రాగిసంగటి ముద్ద అద్దుకుని తింటుంటే అది పండగ. పంట పోయిన ఏడు ఆ ఇంట్లో మాంసం అంటే అదొక్కటే.

నవంబరు పున్నమి అతిథి

ఇలా పిట్ట రాక కోసం కాచుకుని కూర్చోవడం మన దగ్గరే కాదు. బ్రిటన్, ఐర్లాండ్, ఫ్రాన్స్ దేశాల్లో 'వుడ్‌కాక్' అనే పిట్ట కోసం వేటగాళ్లు ఏడాదంతా ఎదురుచూస్తారు. పొడుగాటి ముక్కు, ఎండుటాకుల రంగు ఒళ్లు. కళ్లు తలకు ఎంత వెనగ్గా ఉంటాయంటే, తల తిప్పకుండానే చుట్టూ చూడగలదు. రష్యా, స్కాండినేవియా అడవుల నుంచి చలికాలానికి దక్షిణంగా, పడమరగా దిగుతుంది. నవంబరు పున్నమి వెన్నెల్లో అవి పెద్దసంఖ్యలో వస్తాయని అక్కడి నమ్మకం. ఆ పున్నమికి 'వుడ్‌కాక్ మూన్' అనే పేరే పెట్టుకున్నారు. మన దేశంలోనూ ఉందది. హిమాలయాల్లో గుడ్లు పెట్టి, చలికాలంలో నీలగిరి కొండల దాకా వస్తుంది. ఊటీలో కాపురమున్న తెల్లదొరలకు దాని వేట ఓ పెద్ద వేడుక.

ముదిగుబ్బ మెట్టల్లోకి వుడ్‌కాక్ రాదు. కానీ దాని బంధువు ఉల్లంకి పిట్ట వస్తుంది. ఇంగ్లిషులో 'స్నైప్'. ఉత్తర ఆసియా నుంచి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బయల్దేరి వచ్చి, చెరువుల్లో నీళ్లుంటే అంచు బురదలోనూ, వరిమళ్లలోనూ పొడుగు ముక్కు దించి పురుగులు ఏరుకుంటుంది. మద్దిలేరు మీద కట్టిన యోగివేమన రిజర్వాయర్ లాంటి చోట్ల నీళ్లు తగ్గి బురద తేలినప్పుడు ఇలాంటి పిట్టలకు విందు. దగ్గరికి పోతే చప్పున లేచి అడ్డదిడ్డంగా వంకర్లు తిరుగుతూ ఎగురుతుంది. దాన్ని తుపాకీతో కొట్టాలంటే చెయ్యి చాలా నిలకడగా ఉండాలి. 1770ల్లో మన దేశంలో ఉన్న బ్రిటిష్ సైనికులు ఈ పిట్ట వేటను 'స్నైపింగ్' అన్నారు. యుద్ధాల్లో పొంచి ఉండి గురిచూసి కాల్చేవాణ్ని 'స్నైపర్' అంటున్నామే... ఆ మాట పుట్టింది ఇదిగో, ఈ బురద పిట్ట వేటలోనే.

1862-64 మధ్య 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' రాసిన జెర్డాన్ అనే సైనిక వైద్యుడు కొన్నాళ్లు నెల్లూరులో పనిచేశాడు. తన పుస్తకంలో పిట్టలకు తెలుగు పేర్లూ రాసుకున్నాడు. ఈ ఉల్లంకికి ఆయన రాసిన తెలుగు పేరు 'ముక్కు పూరేడి'. అంటే ముక్కున్న పూరేడు! ఎంత చక్కటి పేరు! ఇలాంటి పేర్లు పెట్టింది పండితులు కాదు. ఉరి పట్టుకుని గడ్డిలో కూర్చున్నవాళ్లు.

చట్టం వచ్చింది

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అయినా చిన్న చిన్న పిట్టల వేటకు లైసెన్సు తీసుకునే వీలు కొన్నాళ్లు ఉండేది. 1991 సవరణతో ఆ తలుపూ మూసుకుంది. పూరేడు, కౌజు, ఉల్లంకి... దేన్నీ పట్టకూడదు, అమ్మకూడదు. 2022 సవరణతో మామూలు నేరానికి జరిమానా 25 వేల నుంచి లక్ష రూపాయలకు పెరిగింది. జైలు మూడేళ్ల దాకా పడొచ్చు.

ఈ చట్టం అవసరమే. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. మా చిన్నాయన లాంటివాళ్లు పట్టిన మూడు నాలుగు పిట్టలతో జాతి అంతరించదని అనుకోవచ్చు. కానీ కేక వేసే కాలం గుడ్లు పెట్టే కాలం. పిలుపుకు పలికేది ఆ ఏడు పిల్లలకు తండ్రి కావాల్సిన పిట్ట. పైగా వెంట్రుకల ఉరి తర్వాత నైలాన్ వల వచ్చింది. ఇంటికి నాలుగు పిట్టలు తెచ్చుకునే వేట వేరు, కట్టలు కట్టి రోడ్డు మీద అమ్మే వేట వేరు. ఈజిప్టులో మధ్యధరా సముద్రం ఒడ్డున వందల కిలోమీటర్ల పొడవునా వలలు కట్టి, రికార్డు చేసిన కూత వినిపించి, సముద్రం దాటి అలసిపోయి వాలే పూరేళ్లను పడుతున్నారు. అక్కడ నోరూ అక్కర్లేదు, ఓపికా అక్కర్లేదు. మీట నొక్కితే చాలు.

వేట మీద బతికిన కులాలకు మాత్రం ఈ మార్పు తేలిగ్గా జరగలేదు. పిట్టల్ని పట్టి అమ్ముకున్న నక్కలవాళ్లు పూసలు, పిన్నీసులు, దువ్వెనలు పట్టుకుని జాతర్లలోనూ బస్టాండుల్లోనూ కూర్చున్నారు. వాళ్లకు అడవి తెలిసినంత మనలో ఎవరికీ తెలీదు. కానీ ఆ తెలివి ఫలానా ధరకు కొంటామని ఎవరూ ముందుకు రాలేదు.

ప్లేటులోని పిట్ట

అనంతపురం నుంచి బత్తలపల్లి మీదుగా కదిరి వెళ్లే దారిలో ఓ దాబా దగ్గర ఆగాం. గోడ మీద 'కౌజు పిట్ట ఫ్రై' అని రాసి ఉంది. ఎనిమిదేళ్ల మా బాబు ఆ బొమ్మ చూసి, "అమ్మా, ఈ పిట్ట ఎక్కడుంటుంది?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే వాడే తేల్చేశాడు... "ఫారంలో కదా!"

వాడన్నది నిజమే. ఆ ప్లేటులోది జపాన్ పూరేడు. 1974లో ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్‌కు దీన్ని తెచ్చారు. ఆరేడు వారాలకే గుడ్డు పెడుతుంది. కోడి కంటే తక్కువ జాగా చాలు. చిన్న రైతుకు నాలుగు రూపాయలు మిగులుతాయి. అడవి పిట్ట మీద కన్ను పడకుండా చేసినందుకు దానికి దండం పెట్టాలి కూడా. కానీ ఓ సంగతి వినండి. తరతరాలుగా బోనులో పెరిగిన ఆ పూరేడు వలస మరిచిపోయింది. గుడ్లు పొదగడమూ మరిచిపోయింది. ఇంక్యుబేటర్ లేకపోతే దాని వంశమే లేదు.

పేర్లూ కలగాపులగమయ్యాయి. ఒకప్పుడు కౌజు అంటే పూరేడు కంటే పెద్దది, కంపల్లో జంటగా తిరిగేది, పొద్దున్నే ఊరు దద్దరిల్లేలా కూసేది. ఇప్పుడు దాబా బోర్డు మీద కౌజు, కంజు, పూరేడు అన్నీ ఒకటే. మాటకు అర్థం మారిపోతే పిట్ట పోయినా తెలీదు. ఎందుకంటే ప్లేటులో అది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి.

బీడు బంజరు కాదు

వేట ఆగింది కదా, మరి పిట్టలు పెరగాలి కదా? ఇదే మాట మా చిన్నాయనను అడిగాను. ఆయన ఉరులు పక్కనబెట్టి ఇరవై ఏళ్లు దాటింది. అటవీ శాఖ వాళ్ల భయం కొంత. అసలు కారణం అది కాదు.

"పిలిస్తే పలికేటిది ఉండాల గదా! నాలుగు దిక్కులా పలికేటివి. పోను పోను ఒక దిక్కే పలికె. ఒక్కదాన్ని పట్టుకోని ఏం జేసుకుంటా? ఇడ్సిపెట్టినా."

ఎందుకు తగ్గాయన్నది ఆయనకు తెలుసు. మొదట కొర్ర, సజ్జ, సామ, ఆరిక పండిన చేలు లక్షల ఎకరాల్లో సెనక్కాయకు మారాయి. పిట్టకు నోటికందే చిరుగింజ పోయింది. తర్వాత కలుపుమందు వచ్చి గట్టు మీది గడ్డిని కూడా కాల్చేసింది. ఆ తర్వాత బీళ్లు పోయాయి.

బీడు అంటే ఎవరికీ పట్టనిది అనుకుంటాం. ప్రభుత్వ కాగితాల్లోనూ అంతే. 2000లో హైదరాబాద్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ, గ్రామీణాభివృద్ధి శాఖ కలిసి దేశంలోని 'బంజరు భూముల' అట్లాస్ తెచ్చాయి. పొదలు, గడ్డి ఉన్న భూములు అందులో బంజరు కిందే లెక్క. బంజరు కాబట్టి దేనికైనా ఇవ్వొచ్చు. కదిరి అవతల నంబులపూలకుంటలో వేల ఎకరాల్లో సౌర విద్యుత్ పార్కు వచ్చింది. 2016లో తొలి విడత 250 మెగావాట్లు మొదలయ్యాయి. కరువు సీమకు కరెంటు రావడం, నాలుగు ఉద్యోగాలు రావడం మంచిదే. ఎవరూ కాదనరు. కానీ ఆ అద్దాల పలకల కింద ఉన్నది ఖాళీ జాగా కాదు. ఆరుద్ర వానకు వచ్చేవాళ్ల ఇల్లు అది.

2023లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదికదీ ఇదే మాట. ముప్పై వేల మంది పక్షి పరిశీలకులు నమోదు చేసిన వివరాలతో 942 జాతుల పరిస్థితిని అంచనా వేశారు. గడ్డి నేలల్లాంటి ఆరుబయలు చోట్ల బతికే పక్షులు గట్టిగా దెబ్బతింటున్న వాటిలో ఉన్నాయని తేలింది. పులికి అడవి కావాలంటే అందరికీ అర్థమవుతుంది. పూరేడుకు బీడు కావాలంటే నవ్వుతారు!

నవ్వనివాళ్లూ ఉన్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ వాళ్లు ఊళ్లవాళ్లతో కలిసి కల్పవల్లి అనే చోట వేల ఎకరాల బోడి గుట్టలను మళ్లీ గడ్డితో, చెట్టుతో నింపారు. మొక్కలు నాటడం కంటే మంటలు పెట్టకుండా కాపలా కాయడమే అక్కడ ముఖ్యమైన పని. గడ్డి వస్తే గొర్రెకు మేత, ఈత చెట్టు వస్తే చీపురుకు ఆకు, వాటితోపాటే పిట్టకు చోటు. పెద్ద ఖర్చేమీ లేదు. దాన్ని బంజరు అనకుండా ఉంటే చాలు.

ఇదే సత్యసాయి జిల్లాలో చిలమత్తూరు దగ్గర వీరాపురం ఉంది. ఏటా వందల రంగు కొంగలు వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు గానీ, అవి ఈ దేశపు పక్షులే. ఎక్కడి నుంచి వచ్చినా సరే, వాటిని ఊరివాళ్లు ఏమీ అనరు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డల్లా చూస్తారు. కొంగ పెద్దది, కంటికి కనబడుతుంది, కాబట్టి దానికి ఆ గౌరవం దక్కింది. గడ్డిలో దాక్కునే పూరేడును ఎవరు చూస్తారు?

వేటగాడి చెవి

చూడగలిగినవాడు ఒకడున్నాడు. వాడే వేటగాడు. కలివికోడి కథ గుర్తుందా? జెర్డాన్ 1848 ప్రాంతంలో లోకానికి చూపిన పక్షి అది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. పండితులు వెతికి వెతికి అలసిపోయారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పొదల్లో అది మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వెతుకుతుంటే, రాత్రివేళ దాన్ని పట్టి తెచ్చింది స్థానిక వేటగాడు. ఎనభై ఆరేళ్ల పాటు శాస్త్రానికి కనబడని పక్షి ఒక పల్లెటూరి వేటగాడి కంట పడిందంటే ఏమనుకోవాలి?

నాగాలాండ్‌లోనూ అంతే. 2012లో దోయాంగ్ జలాశయం దగ్గర వలస వచ్చిన అముర్ డేగలను వేలకు వేలు వలల్లో పట్టారు. ఆ వీడియో చూసి దేశం నివ్వెరపోయింది. మరుసటి ఏడాదికి అదే ఊళ్లవాళ్లు ఆ డేగలకు కాపలాదారులయ్యారు. ఎప్పుడొస్తాయో, ఎక్కడ వాలతాయో వాళ్ల కంటే బాగా ఎవరికి తెలుసు? ఉరి పక్కన పెట్టినవాడిని ఇంటికి పంపేస్తే సగం పనే అవుతుంది. వాడికి తెలిసింది రాసుకుంటేనే మిగతా సగం.

మా చిన్నాయన దగ్గర నేను రాసుకోవడం మొదలుపెట్టి మూడేళ్లయింది. వాన పూరేడు ఏ కార్తెలో మొదట పలికింది, ఏ చేలో, ఎన్ని దిక్కుల నుంచి. చలి పూరేడు మొదట లేచిందెప్పుడు. ఆయనకు పాత లెక్కలన్నీ నోటికి వచ్చు... ఫలానా ఏడు, మీ అత్త పెళ్లి ఏడు, పుష్యమి దాకా పలకనే లేదు... అని చెబుతాడు. తొందరపడి రాస్తాను. ఎందుకంటే తొందరపడాల్సిన కారణం ఒకటుంది.

ఆయనకు చెవులు మందగిస్తున్నాయి. పెద్ద శబ్దాలు వినబడతాయి. ట్రాక్టరు, మైకు, మా చిన్నమ్మ కేకలు... వీటికి ఢోకా లేదు. సన్నటి శబ్దాలే ముందు పోయాయి. పూరేడు కేక సన్నది.

కిందటేడు ఆరుద్రలో ఇద్దరం పొద్దున్నే గట్టు మీదికి వెళ్లాం. ఆయన గొంతుకూర్చోలేక రాయి మీద కూర్చున్నాడు. నాలుక అంగిలికి ఆనించి పిలిచాడు. పిలుపులో ఏ లోపమూ లేదు. ఆగాడు. మొహం చేను వైపు తిప్పి కళ్లు మూసుకున్నాడు. అటు తూర్పు దిక్కున, కొర్ర చేను అంచున, జవాబు వచ్చింది. ఆయన మొహంలో మార్పు లేదు. మళ్లీ పిలిచాడు. మళ్లీ వచ్చింది. ఈసారి దగ్గరగా.

"పలికిందా పాపా?" అన్నాడు.

"పలికింది చిన్నాయనా. తూర్పు నుంచి."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"రెండు ముక్కలా, మూడు ముక్కలా?"

"రెండు."

తల ఊపాడు. "మనదే" అన్నాడు. అంటే వాన పూరేడే అని.

ఆ పిట్ట గట్టు దాకా వచ్చింది. గడ్డి కదిలింది. నల్లటి రొమ్ము ఒక్క క్షణం కనబడి మళ్లీ గడ్డిలో కలిసిపోయింది. ఉరి లేదు, వల లేదు. పిలిచింది ఎవరో చూసుకుని వెళ్లిపోయింది. అంతే.

మీ ఊళ్లోనూ ఇలాంటి పెద్దాయన ఒకాయన ఉండే ఉంటాడు. ఏ పిట్ట ఎప్పుడొస్తుందో చెప్పగలిగిన మనిషి. ఈ వానాకాలం ఒక నోటుపుస్తకం తీసుకుని ఆయన పక్కన కూర్చోండి. గట్టు మీది గడ్డిని ఒక మూరెడు మేర కాల్చకుండా వదిలేయండి. పిల్లల్ని ఒక్కరోజు తెల్లారగట్ల లేపి చేను దగ్గరికి తీసుకెళ్లండి. 'విట్-విట్' అని వినబడితే అది రెండు ముక్కలో మూడు ముక్కలో లెక్కపెట్టమనండి. పోయేవాళ్లే తప్ప వచ్చేవాళ్లు లేరనుకునే నేలకు ఎవరో వచ్చారన్న కబురు అది. వినడానికి ఒక చెవి ఉండాలి కదా!